నూటయాభయ్యో ఎక్కం

పోయిన నెల మా వీధి చివరి ఇంటి అబ్బాయి కువైటు వెళ్లాడు. ఇంటి డ్రైవరుగా, ఇంటి పనివాళ్లకిచ్చే 20 నంబరు వీసా మీద. బయలుదేరే ముందు రోజు సాయంత్రం వాళ్ల అమ్మ వాణ్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అన్నా, మీరు పదకొండేళ్లు ఉండి వచ్చారు. వీడికి నాలుగు మంచి మాటలు చెప్పండి" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. వాడు గోడకు ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆమే మొదలుపెట్టింది. "ఏం జరిగినా సర్దుకుపో నాయనా. రెండేళ్లు కళ్లు మూసుకుంటే అయిపోతుంది."

ఈ మాట లేకుండా మా వైపు కువైటు ప్రయాణం ఉండదు. రాజంపేట, పుల్లంపేట, రైల్వే కోడూరు, రాయచోటి, లక్కిరెడ్డిపల్లె, ఏ ఊరి బస్టాండులోనైనా చెన్నై బస్సు ఎక్కే మనిషికి కిటికీలోంచి చెప్పే చివరి మాట ఇదే. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ ఊళ్లను కడప నుంచి వేరుచేశారు. మా నోటికి మాత్రం ఎప్పుడూ అది కడప జిల్లానే.) 2003లో మా నాన్న నాకు చెప్పిందీ ఇదే. ఆ మాట పట్టుకుని నేను రెండేళ్లకు పైగా పాడుచేసుకున్నాను. అందుకే ఆ సాయంత్రం ఆమె మాటకు అడ్డం పడ్డాను. వాడికి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయినదంతా ఇప్పుడు రాస్తున్నాను.

నేను వెళ్లేనాటికి దీనారు 150 రూపాయల పైచిలుకు. నా జీతం 90 దీనార్లు. విమానం దిగిన పూటే తలలో ఒక ఎక్కం మొదలైంది. దీనారుకు 1000 ఫిల్సులు. టీ 100 ఫిల్సులు, అంటే పదిహేను రూపాయలు. కడప ఏడురోడ్ల దగ్గర రెండు రూపాయలకు దొరికే టీకి పదిహేనా? తాగలేదు. ఫర్వానియాలో ఆరుగురం ఉండే గది. మంచం ఇచ్చారు, పరుపు ఇచ్చారు, దిండు ఇవ్వలేదు. పక్కనే ఉన్న జమియాలో, అంటే పేటకొకటి ఉండే సహకార దుకాణంలో, దిండు రెండు దీనార్లు. రెండు నూటయాభైలు మూడువందలు. మూడువందలు పోసి దిండు కొనే వంశమా మాది? చొక్కాలు మడిచి, తువ్వాలులో చుట్టి తల కింద పెట్టుకున్నాను. రెండేళ్లే కదా అనుకున్నాను. పెట్టె కూడా పూర్తిగా విప్పలేదు. మంచం కిందే ఉంచి, కావలసిన బట్ట కావలసినప్పుడు లాగి, మళ్లీ తాళం వేసేవాణ్ని. రైల్వే ప్లాట్‌ఫారం మీద ఉన్నవాడిలా ఉండేది నా వరస.

కువైటు అంటే ఎడారి, ఎడారి అంటే ఎండ. కాబట్టి స్వెట్టరు తీసుకెళ్లలేదు. జనవరి రాత్రుల్లో అక్కడ ఏడెనిమిది డిగ్రీలకు దిగుతుందని, ఎడారి గాలి ఎముకలో దూరుతుందని నాకెవరు చెప్పారు? చెప్పినా మూడు దీనార్ల స్వెట్టరును నూటయాభైతో గుణించి వెనక్కి పెట్టేవాణ్నే. జ్వరం తగిలి మూడు రోజులు పడుకున్నాను. ఆ మూడు రోజుల జీతం కోశారు. కోసిన డబ్బుకు మూడు స్వెట్టర్లు వచ్చేవి. ఆ లెక్క మాత్రం నేను వేయలేదు.

పొదుపు తప్పని నేననడం లేదు. అప్పు తీర్చడానికి, చెల్లెలి పెళ్లి చేయడానికి, బోరు వేయించడానికి వెళ్లినవాళ్లం. ప్రతి ఫిల్సూ ఇంటికి పంపాలనే ఉంటుంది. పొదుపు చేసేవాడు తన చేతిలో ఉన్న దీనార్లను లెక్కపెట్టుకుంటాడు. ఈ ఎక్కం చదివేవాడు ప్రతి వస్తువునూ రోజూ కడపకు మోసుకొచ్చి, ఇక్కడి ధరతో పోల్చి, మళ్లీ మోసుకుపోతాడు. ఒళ్లు ఫర్వానియాలో, ధరలు ఏడురోడ్లలో. అలా బతికినవాడు ఏ ఊళ్లోనూ బతికినట్టు కాదు. 1961 దాకా కువైటులో చెల్లింది మన రూపాయే అన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గల్ఫు కోసమని మన రిజర్వు బ్యాంకు 1959లో వేరే రంగు నోట్లు కూడా అచ్చువేసింది. 1961లో దీనారు పుట్టినప్పుడు దాని విలువ పదమూడు రూపాయల చిల్లర. అది చదివాక నవ్వు వచ్చింది. నేను శిలాశాసనంలా పట్టుకున్న 150 కూడా ఒకానొక రోజు ధర. ఇప్పుడు 250 దాటింది.

ఇక 'సర్దుకుపోవడం'. ఈ మాట మనం ఎక్కడ ఎక్కువగా వింటాం? ఆర్టీసీ బస్సులో. "కొంచెం సర్దుకోండమ్మా" అంటే ముగ్గురి సీటులో నాలుగో మనిషికి అంగుళం చోటివ్వడం. ఒక తుంటి గాలిలో పెట్టి, చేతులు దగ్గరికి ముడిచి, ఊపిరి బిగబట్టి కూర్చోవడం. నందలూరు నుంచి రాజంపేట దాకా అయితే ఎవరైనా కూర్చోగలరు. రెండేళ్లు కూర్చోమంటే? ఆ రెండేళ్లు మూడో ఏడాదికి, ఆ తర్వాత పదకొండుకు సాగితే? సర్దుకున్న మనిషి స్థిరపడలేదు, ముడుచుకున్నాడంతే. గదిలో మాతో ఉన్న చిట్వేలు పెద్దాయన పందొమ్మిదేళ్లు అలాగే ముడుచుకుని ఉన్నాడు. ఆయనకు పని చేసే గోదాము, గది, డబ్బు పంపే కొట్టు, ఈ మూడు తప్ప కువైటులో నాలుగో చోటు తెలియదు. సముద్రం బస్సులో అరగంట దూరం. పందొమ్మిదేళ్లలో రెండుసార్లు చూశాడట. ఓర్పుగల మనిషని అందరూ మెచ్చుకునేవారు. నాకు ఆయన్ని చూస్తే భయం వేసేది.

నన్ను ఆ దారి నుంచి తప్పించింది ఏ జ్ఞానోదయమూ కాదు, ఒక అవమానం.

నాది గోదాములో స్టోరు కీపరు పని. డిగ్రీ చదివినవాణ్నన్న గర్వం కొంచెం ఉండేది. కొత్తలోనే ఒక రోజు సరుకు వచ్చింది. అట్టపెట్టెల మీద సంఖ్యలు అరబ్బీలో ఉన్నాయి. అరబ్బీ అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాస్తారు గానీ, అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. అంతవరకు తెలుసు. తెలియనిదేమిటంటే, వాళ్ల అయిదు అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. వాళ్ల సున్నా ఒట్టి చుక్క. వాళ్ల ఆరు మనం రాసే 7లా ఉంటుంది. యాభై అని రాసి ఉన్న చోట నాకు ఒక సున్నా, పక్కన ఈగ వాలినట్టు ఒక చుక్క కనిపించాయి. ఖాళీ పెట్టెలు కాబోలు అనుకుని సున్నా వేసుకుంటూ పోయాను. ఇరవై పెట్టెల సరుకు పుస్తకంలో మాయమైంది. పై అధికారి అందరి ముందూ పుస్తకం పైకెత్తి చూపించి నవ్వాడు. బిహారు నుంచి వచ్చిన హమాలీ కుర్రాడు, బడి మొహం చూడనివాడు, నన్ను పక్కకు తీసుకెళ్లి సుద్దముక్కతో నేల మీద పది అంకెలూ రాసి చూపించాడు.

ఆ కుర్రాడి ముందు గొంతుక్కూర్చుని ముప్పై ఏళ్ల డిగ్రీవాణ్ని మళ్లీ ఒకటో తరగతిలో చేరాను. కొత్త దేశంలో కుదురుకోవడానికి ఏం కావాలని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే. తెలియదని చెప్పడానికి సిగ్గుపడకూడదు. వినడానికి చాలా తేలిక. చేయడం చాలా కష్టం, ముఖ్యంగా ఊళ్లో కాస్త పేరున్నవాడికి. ఇక్కడ పదిమందికి దారి చూపినవాడు అక్కడ బస్సు ఎటు పోతుందో అడగాలి. ఇక్కడ పంచాయితీ చెప్పినవాడు అక్కడ చీటీ మీద ఏం రాసి ఉందో చిన్నపిల్లవాణ్ని అడిగి తెలుసుకోవాలి. చదువులేనివాళ్లు దీన్ని నాకంటే త్వరగా దాటడం నేను చాలాసార్లు చూశాను. వాళ్లు ఇక్కడా అడిగి తెలుసుకుంటూ బతికినవాళ్లే. వాళ్లకు అది కొత్త కాదు.

మా చిన్నమ్మ సంగతి చెబుతాను. అయిదో తరగతితో ఆగిపోయిన మనిషి. 1998లో ఇంటిపనికి వెళ్లి తొమ్మిదేళ్లు ఉంది. 'కద్దామా పని' అని మనవాళ్లు పెదవి విరిచి అనే పని. అక్కడి ఇళ్లలో పనివాళ్లు యజమానురాలిని 'మామా' అని, యజమానిని 'బాబా' అని పిలవాలి. మొదటి వారం చిన్నమ్మకు నోరు పెగలలేదట. "ఆడమనిషిని పట్టుకుని మామా అని ఎలా పిలవనురా? మీ తాత ఆత్మ ఏమనుకుంటుంది?" అని చెప్పి చెప్పి నవ్వేది. ఆ ఇంట్లో ఏడాదిన్నర పిల్లవాడు ఉన్నాడు. వాడికి మాటలు వస్తున్న రోజులు. పెద్దవాళ్లు వేగంగా మాట్లాడతారు, కసురుతారు. పిల్లవాడు ఒక్కో మాటనూ పదిసార్లు అంటాడు, వస్తువును వేలితో చూపిస్తాడు. నీళ్లు, పాలు, చెప్పు, పిల్లి, ఇవ్వు, వద్దు. చిన్నమ్మ వాడి దగ్గర నేర్చుకుంది. ఇద్దరికీ ఒకేసారి మాటలు వచ్చాయి. వాడు రెండో ఏట ఎంత మాట్లాడేవాడో ఆమే అంతే మాట్లాడేది. అయిదో ఏట వాడు కథలు చెబితే ఆమె అర్థం చేసుకునేది. నేను పదకొండేళ్లలో నేర్చుకున్న అరబ్బీ ఆమె అరబ్బీ ముందు నిలవదు. నాది గోదాము అరబ్బీ, 'ఉంది, లేదు, రేపు రా'. ఆమెది ఇంటి అరబ్బీ, అలకలు, వేళాకోళాలు, సామెతలతో సహా.

మా కడపలో దీనికి పెద్ద ఉదాహరణగా అందరూ బ్రౌను దొరను చెబుతారు. 1820లో, ఇరవయ్యొక్కేళ్ల వయసులో కడపలో ఉద్యోగానికి వచ్చి, పండితులను చేరదీసి, వేమన పద్యాలు 1829లో అచ్చువేయించి, 1852, 53ల్లో నిఘంటువులు తెచ్చినవాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. ఉద్యోగం లేని రోజుల్లో నేను ఆ ఫ్యాను కింద చాలా పగళ్లు గడిపాను. ఆ మనిషి మీద నాకు గౌరవం ఉంది. అయితే, కొత్త దేశంలో కుదురుకోవడానికి ఆయన్ని నమూనాగా చూపితే మాత్రం ఒప్పుకోను. జీతమిచ్చి పండితులను ఇంటికి పిలిపించుకునేవాడు తప్పు పలికితే ఎవరు నవ్వగలరు? ఏలుబడి తన వాళ్లది. చిన్నమ్మ చీపురు చేతిలో పట్టుకుని, తప్పు పలికితే తిట్లు తింటూ, ఏడాదిన్నర పసివాణ్ని గురువుగా పెట్టుకుని నేర్చుకుంది. రెండింటిలో ఏది గొప్ప అని పందెం పెడితే నా ఓటు రాజంపేట పక్క పల్లె నుంచి వెళ్లిన చిన్నమ్మకే.

తెలియదని ఒప్పుకోవడానికి తోబుట్టువు లాంటి గుణం ఇంకొకటి ఉంది. కోపం తెచ్చుకోవడానికి తొందరపడకపోవడం. కువైటీలు పలకరింపుగా 'శ్లోనక్' అంటారు. 'లోన్' అంటే రంగు అని గదిలో ఎవరో సగం తెలిసినవాడు చెప్పాడు. అంటే, "నీ రంగు ఏమిటి?" అని అడుగుతున్నారన్నమాట! నేను నల్లగా ఉంటాను. వారం రోజులు ఆ మాట అన్న ప్రతివాడి మీదా లోపల పళ్లు కొరుక్కున్నాను. చివరికి ఒక ముసలి కాపలాదారును అడిగితే, అది 'ఎలా ఉన్నావు' అనడమేనని చెప్పాడు. మనిషి ఒంట్లో కులాసాగా ఉన్నాడో లేదో మొహం రంగు చెబుతుంది కదా. మనమూ "మొహం పాలిపోయిందేమి?" అని అడగమా? అవమానం నిజంగా జరిగే సందర్భాలు ఉంటాయి, తక్కువేమీ కాదు. అందుకే, ఉత్తుత్తి అవమానాల మీద కోపమంతా ఖర్చు చేయకూడదు.

అసలు కడపవాడికి అరబ్బీ అంత కొత్త కూడా కాదు. ఇది తెలుసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మన దుకాణం అక్కడ దుకాన్. కుర్చీ కుర్సీ. కలం కలమే. సబ్బు సాబూన్, జవాబు జవాబే, తారీఖు తారీఖే, ఖాళీ ఖాలీ. బడిలో "హాజరు సార్" అన్నామే, అది అక్కడ పిలిస్తే పలికే 'హాదిర్'. వకీలు, జిల్లా, ఇవన్నీ అటువైపు నుంచి వచ్చి మన నోళ్లలో ఎప్పుడో స్థిరపడినవే. నవాబులు ఏలిన ఊరు మాది. ఉగాది రోజు దేవుని కడప గుడిలో వేంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ కొట్టడానికి ముస్లింలు బారులు తీరతారు, స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని. పెద్ద దర్గాకు హిందువులు వెళ్లడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. ఇలాంటి ఊళ్లో పెరిగినవాడు పరాయి దేశానికి ఒట్టిచేతులతో వెళ్లడు. అయినా మేము విమానం దిగగానే ఇవన్నీ మరిచిపోయి, 'వాళ్లు వేరు, మనం వేరు' అని గది తలుపు వేసుకుంటాం. ఇది నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి.

గది తలుపంటే శుక్రవారాలు గుర్తొస్తాయి. సెలవు రోజు మా వాళ్లంతా కువైటు నగరంలోని మాలియాలో కలిసేవారు. కోడూరువాళ్లు ఒక మూల, రాయచోటివాళ్లు ఒక మూల. చీటీ డబ్బులు కట్టడం, ఊరి కబుర్లు, ఎవరింట్లో పెళ్లి, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, ఎవరి తల్లి పోయింది. ఆ మూలలే లేకపోతే చాలామందికి పిచ్చెక్కేది. మనవాళ్లను వదిలిపెట్టి కొత్తవాళ్లలో కలిసిపొమ్మని ఉపదేశించేవాళ్లకు శుక్రవారం విలువ తెలియదు. నా ఫిర్యాదు ఒక్కటే. వారంలో మిగిలిన ఆరు రోజులూ మనం శుక్రవారం కోసమే బతికేవాళ్లం. మలయాళీలు కూడా తమవాళ్లతోనే కలిసేవారు, మనకంటే గట్టిగా. కానీ వాళ్ల కబుర్లలో ఏ కంపెనీలో ఖాళీ ఉంది, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలి, లైసెన్సు పరీక్షలో ఏమడుగుతారు అన్నవి నాకు ఎక్కువగా వినిపించేవి. మన కబుర్లన్నీ ఊరివైపు చూస్తే, వాళ్లవి సగమైనా ఉన్న చోటును చూసేవి.

ఉన్న చోటును చూడడం అంటే ఏమిటో మా చిన్నాయనకు బాగా తెలుసు. 1986లో వెళ్లాడు. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటులోకి వచ్చినప్పుడు అక్కడే ఉన్నాడు. మనవాళ్లను దాదాపు 1,70,000 మందిని జోర్డానులోని అమ్మాను మీదుగా ఎయిరిండియా విమానాల్లో బొంబాయి చేర్చిన సంగతి చాలామందికి తెలుసు. చిన్నాయన అందులో ఒకడు. నాలుగేళ్ల సంపాదనలో ఒక దుప్పటి, ఒక చేతిసంచి మిగిలాయి. ఊరికి మాటలు రికార్డు చేసి పంపడానికి కొనుక్కున్న టేప్‌రికార్డరు కూడా అక్కడే పోయింది. ఆయన చెప్పే కథలో సైనికుల కంటే రొట్టెల కొట్టే ఎక్కువసార్లు వస్తుంది. వీధి చివర ఒక ఇరానీ రొట్టెలు కాల్చేవాడు. చిన్నాయన రోజూ పొద్దున అక్కడ నిలబడి వాడితో రెండు మాటలు మాట్లాడేవాడు. వాడి ఊరేమిటి, పిల్లలెందరు, ఇలాంటివి. గదిలోవాళ్లు ఎగతాళి చేసేవారట, "రొట్టె కొనడానికి కూడా చుట్టరికమా?" అని. ఆగస్టులో కొట్లన్నీ మూతపడి, రొట్టెకు వీధి మలుపు దాకా వరస నిలబడిన రోజుల్లో, ఆ ఇరానీ వెనక తలుపు తెరిచి చిన్నాయన గదికి రోజూ పది రొట్టెలు ఇచ్చాడు. 1992లో చిన్నాయన మళ్లీ వెళ్లాడు. వెళ్లగానే వెతికింది ఆ కొట్టునే. అది లేదు.

ఇంతవరకు రాసి, ఒక మాట చెప్పకపోతే నేను అబద్ధాలకోరును అవుతాను. మనసు తీరు ఎంత మంచిదైనా అది పని చేయని గడపలున్నాయి. మా చిన్నమ్మ మంచి ఇంట్లో పడింది. ఆమెతోపాటు ఒకే విమానంలో వెళ్లిన పక్క ఊరి ఆమె అలా పడలేదు. పొద్దున అయిదింటికి లేస్తే అర్ధరాత్రి దాకా పని. పాసుపోర్టు బీరువాలో, బీరువా తాళం యజమానురాలి నడుములో. మూడు నెలల జీతం లేదు. ఆమె కూడా పలకరించింది, నేర్చుకుంది, నవ్వింది. ఏం ఉపయోగం? చివరికి ఒక రాత్రి బయటపడి, మన రాయబార కార్యాలయం నడిపే ఆశ్రయంలో నెలల తరబడి ఉండి, ఖాళీ చేతులతో ఊరు చేరింది. అలాంటి మనిషికి "నీ దృక్పథం మార్చుకో" అని చెప్పేవాడి నాలుక కాలాలి. ఊరు తిరిగి వచ్చాక ఆమెను అందరూ అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "మిగతావాళ్లందరూ సర్దుకున్నారు కదా, నువ్వెందుకు సర్దుకోలేకపోయావు?"

ఇంటి పనివాళ్ల కోసం కువైటు 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో నెల సెలవు. పనివాళ్ల పాసుపోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దీనార్లని నిర్ణయించారు. బయట ఎండలో పనిచేసేవాళ్లకు జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు పని ఆపాలని వేరే నిబంధన ఉంది. నేను వచ్చేసిన రెండేళ్లకు, 2016 జులైలో, అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయ్యాయంటే ఆ నిబంధన విలువ తెలుస్తుంది. చట్టం ఉన్నంత మాత్రాన ఇంటి గోడల లోపల అమలవుతుందని కాదు. చట్టం ఉందని కూడా తెలియకుండా వెళ్తే మాత్రం అడగడానికి నోరు ఎలా వస్తుంది? నేను ఆ అబ్బాయి చేత ఇవన్నీ కాగితం మీద తెలుగులో రాయించాను. రాయబార కార్యాలయం నంబరు ఫోనులో ఒక్కచోటే కాకుండా, చొక్కా జేబులో పెట్టుకునే చీటీ మీద కూడా రాయించాను. ఫోను లాక్కుంటే చీటీ ఉంటుంది. సర్దుకుపొమ్మని చెప్పేవాళ్లు ఈ చీటీ రాయించరు. అందుకే నాకు ఆ మాట మీద అంత కసి.

ఇంటికి చెప్పే అబద్ధాల గురించి కూడా ఒక్క మాట. బకాలాలో, అంటే చిల్లర కొట్టులో, ఫోను కార్డు కొనుక్కుని, శుక్రవారం వరసలో నిలబడి, "బాగున్నాను, ఏసీ గది, మంచి భోజనం" అని చెప్పేవాళ్లం. సెలవుకు వచ్చేటప్పుడు అప్పు చేసి మెత్తటి కంబళ్లు, టాంగ్ డబ్బాలు, నిడో డబ్బాలు, అత్తరు సీసాలు మోసుకొచ్చేవాళ్లం. ఆ కంబళ్లు చూసిన ఊరు మన జీతం తానే నిర్ణయించుకుంటుంది. తర్వాత ఆ లెక్క ప్రకారమే అడుగుతుంది. ఇవ్వలేక మరో రెండేళ్లు, మరో రెండేళ్లు. నేను మూడో ఏట జీతం కాగితం నకలు తీసి నాన్నకు పోస్టులో పంపాను. నాన్న నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కానీ ఇంటి కోసం ఎంత, నా కోసం ఎంత అన్న మాట మా ఇంట్లో మొదటిసారి వచ్చింది అప్పుడే. దిండు కొన్నది కూడా ఆ నెలలోనే. దిండుతోపాటు పెట్టె పూర్తిగా విప్పి, బట్టలు గోడ అలమారలో పెట్టి, ఖాళీ పెట్టెను అటక మీదికి ఎక్కించాను. మాలియాకు వెళ్లే బస్సులో చిట్వేలు పెద్దాయన అడిగాడు, "ఇక్కడే ఉండిపోతావా ఏమిటి?" అని. అక్కడ ఎవరూ ఉండిపోలేరు. మనలాంటివాళ్లకు పౌరసత్వం ఇచ్చే దేశం కాదది. అకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, అయిపోతే రావాల్సిందే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. వెళ్లిపోయేవాడికి కూడా మెడ ఉంటుంది కదా, దానికి దిండు కావాలి.

ఆ సాయంత్రం అబ్బాయికి నేను చెప్పగలిగింది ఇందులో నాలుగో వంతు కూడా కాదు. పది అరబ్బీ అంకెలు రాసి చూపించాను. వాడు ఒక్కసారి చూసి, ఫోనులో ఫొటో తీసుకున్నాడు. బండి రోడ్డుకు కుడివైపున నడపాలని, మలుపుల దగ్గర మొదటి వారం చెయ్యి మోసం చేస్తుందని చెప్పాను. ఇంటి యజమానురాలిని మామా అని పిలవాలని చెబితే, "మిమ్మల్నీ మామా అనే కదా పిలుస్తాను" అని నవ్వాడు. లేచి వెళ్తున్నప్పుడు, "మొదటి జీతంతో మంచి దిండు కొనుక్కో" అన్నాను. వాళ్ల అమ్మ నా వైపు అదోలా చూసింది. ఇంత పెద్ద మనిషి ఇదా చెప్పేది అన్నట్టు.

నిన్న ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి కుర్చీ లాక్కోలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"మొదటి నెలే డబ్బు తక్కువ పంపాడన్నా. అడిగితే దిండు కొన్నానంటాడు, ఒక స్వెట్టరు కూడా కొన్నాడట. మీరే చెప్పారట."

"దిండు ఎంతట?"

"మూడు దీనార్లట. అంటే మన డబ్బులో ఎంతన్నా?"

పదకొండేళ్లు స్టోరు లెక్కలు రాసినవాణ్ని. "నాకు ఆ ఎక్కం మరిచిపోయింది చెల్లెమ్మా" అన్నాను. ఆమె కొంగుముడిలోంచి ఫోను తీసి, క్యాలిక్యులేటరు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.